చెలకలో పోసిన ఒడిబియ్యం

ఇప్పటికీ మధ్యాహ్నం కాస్త కునుకు పడితే చాలు, పాలకుర్తి దగ్గరి మా చెలక కళ్లముందు తేలుతుంది. పత్తి విచ్చిన రోజులు. గుట్ట నీడ నెమ్మదిగా సాళ్ల మీదికి జారుతుంటుంది. బాపు తలకు రుమాలు చుట్టుకుని ఆ చివర ఎక్కడో వంగి ఉంటాడు. పిలిస్తే పలకడు. ఆ చెలకను ఆయన సొంత కష్టంతో కొన్నాడు. నేనూ తమ్ముడూ అందులో రాళ్లేరుతూ పెరిగాం.

బాపు పోయేనాటికి నాకు పెళ్లయి హనుమకొండ సుబేదారిలో కాపురం. ఏడాది తిరిగాక తమ్ముడు బస్సెక్కి వచ్చి నన్ను ఒడిబియ్యానికి పిలిచాడు. పెళ్లయిన ఆడపిల్ల ఒడిలో పుట్టింటివాళ్లు కొన్నేళ్లకోసారి పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు పోసి పంపడం మా దగ్గర రివాజు. ఆ పిలుపు వింటే నా కాళ్లు నేల మీద ఆనేవి కావు.

తమ్ముడూ మరదలూ పోశారు. అమ్మ తలుపు వెనక నిలబడింది. భర్త పోయిన ఆడది ఒడిబియ్యం పోయకూడదట. నన్ను కని పెంచిన చేతులకు ఏం అంటుకుందో నాకు ఇప్పటికీ తెలియదు, కోపం మాత్రం వస్తుంది. కొంగులో బియ్యం బరువుగా ఉన్నాయి. ఇల్లంతా పసుపు వాసన. అంతలో తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నాడు.

“అక్కా, రేపు జర హనుమకొండ పోయొద్దాం. నువ్వొక్క సంతకం పెడితే చెలకంత నా పేరు మీదికొస్తది.”

“మరి నా హిస్సా?”

వాడు నవ్వాడు. “పెండ్లయినంక హిస్సా ఏందక్కా? ఇప్పుడే గదా ఒడి నింపినం.”

వాడిలో మోసం లేదు. ఒడి నింపితే ఆడపిల్లకు ఇవ్వాల్సింది ఇచ్చేసినట్టేనని ఊరు ఊరంతా నమ్మేది. నేనూ నమ్మేదాన్నే, సుబేదారిలో మా పక్కింటి ముసలి వకీలు గారు ఒకరోజు మాటల్లో చెప్పి ఉండకపోతే. “పెండ్లయినా కాకున్నా బిడ్డ బిడ్డనేనమ్మా. మీ బాపు సొంతంగ కొన్న భూమి, వీలునామా రాయలే. మీ అమ్మకు, తమ్మునికి, నీకు సమానం” అన్నారాయన.

“నేను సంతకం పెట్టను” అన్నాను.

నాకు కావలసింది పంట కాదు. ఆ మట్టిలో నాదంటూ ఒక చోటు కావాలి. బాపు కలలోకి వస్తే, వెళ్లి కూర్చోవడానికి ఒక గట్టు కావాలి. ఇదంతా తమ్ముడికి చెబుదామనుకున్నాను. వాడి ముఖం అప్పటికే మాడిపోయింది.

“గట్లయితే ఈ ఇంట్ల నీకు ఒడిబియ్యం ఇదే ఆఖరు” అన్నాడు.

తలుపు వెనక అమ్మ గాజుల్లేని చేతులు మాత్రం కనిపించాయి.

మా రివాజులో ఇంకొకటుంది. వెళ్లేటప్పుడు ఆడపిల్ల తన ఒడిలోంచి దోసెడు బియ్యం తీసి పుట్టింట్లో పోసి వెళ్తుంది, ఆ ఇల్లు నిండుగా ఉండాలని. మరదలు చాట పట్టింది. పోశాను. పంతం వేరు, ఇల్లు వేరు. బస్సులో దారంతా ఏడ్చాను.

ఆ తర్వాత పిలుపుల్లేవు. పెద్దమనుషులు చాలాసార్లు కూర్చున్నాక, తమ్ముడు చెలక కొలిపించి గుట్ట పక్క ముక్క నాకు వదిలాడు, రాళ్లెక్కువున్న వైపు. మంచిదే అనుకున్నాను, ఆ రాళ్లూ నేనూ పాత స్నేహితులమే. అమ్మ వాడి దగ్గరే ఉండిపోయింది.

మళ్లీ ఒడిబియ్యం పోయాల్సిన ఏడు వచ్చింది. నన్ను పిలవడానికి ఎవరూ రాలేదు. పత్తి ఏరించడానికి చెలకకు నేనే వెళ్లాను. కూలీలు ఇళ్లకు పోయారు. ఎండ పసుపు రంగుకు తిరిగి, గుట్ట నీడ మెల్లగా సాళ్ల మీదికి జారుతోంది. ఆ తెల్లటి సాళ్ల మధ్య నుంచి ఎవరో వస్తున్నారు. ఒక్క క్షణం బాపు అనుకున్నాను. అమ్మ. నెత్తిన గంప ఉంది.

“కూసో బిడ్డా. కొంగు వట్టు.”

“అమ్మా, నువ్వు పోయొద్దంటరు గదా.”

“అది ఆ ఇంట్ల. ఇది నీ చెలక. ఈడ నాకు అడ్డం చెప్పెటోళ్లెవరు?”

నేల మీద కూర్చుని కొంగు పట్టాను. అమ్మ చేతుల్లోంచి పసుపు బియ్యం నెమ్మదిగా, ఎంతోసేపు పడుతూనే ఉన్నాయి. నా కన్నీళ్లూ వాటిలో కలిశాయి. ఒడి నిండాక, రివాజు తప్పకుండా దోసెడు బియ్యం తీసి పట్టుకున్నాను. ఇక్కడ ఇల్లు లేదు, వాకిలి లేదు, చాట పట్టే మరదలు లేదు. ఎక్కడ పోయాలో తెలియక అమ్మ వైపు చూశాను.

అమ్మ నా ఎదురుగా కూర్చుని, తన కొంగు పట్టింది.