తొడ మీద పుండు

మా తమ్ముడి కూతురు ఇంట్లోనే కూర్చొని ఏవో దూరపు దవాఖానల కాగితాలకు రోగాల అంకెలు వేస్తుంటుంది. నిన్న, "పెదబాపూ, సీ యాభై ఒకటంటే ఎర్కేనా? ఆడోళ్లకు కింద, బయటి దిక్కు అయ్యే క్యాన్సర్" అని హాలంతా వినబడేలా చెప్పింది. నేను చాయ్ కప్పుతో వాకిట్లోకి పోయాను. అక్కడ పనేమీ లేదని మళ్ళీ లోపలికి వచ్చాను.

ఈ అంకెల పని మా ఇంటికి కొత్త కాదు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం పుణ్యమా అని ఏడాది ఆలస్యంగా వచ్చిన నా డిగ్రీ, అక్కడా ఇక్కడా తిప్పి ఎనభైలలో జనగామ దిక్కు ఒక దవాఖాన రికార్డుల గదికి నన్ను చేర్చింది. డాక్టరు రోగం పేరు రాస్తే, లావుపాటి పుస్తకంలో వెతికి దాని అంకె వేయాలి. రోగాలు నయం చేయడం తప్ప అన్నీ చేసేవాణ్ణి.

ఒకరోజు కొడకండ్ల నుంచి చిన్నమ్మ వచ్చింది. తల్లి లేని నన్ను పెంచిన మనిషి. గోడ దిక్కు చూస్తూ, "తొడ మీద పుండు లేసింది బిడ్డా, జర మలాం ఇప్పియ్యి" అంది. అప్పటి డాక్టరు నా మాట మీదే మలాం రాశాడు. చీటీ మీద 'తొడ' అని రాసి, చర్మరోగం అంకె వేసింది నేను. రెండు నెలల్లో అలాంటివి మూడు చీటీలు. నా దస్తూరి బాగుంటుందని అందరూ అనేవారు.

నాలుగోసారి, కోస్తా నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ చిన్నమ్మను తెర వెనక్కి తీసుకుపోయింది. బయటికి వచ్చి చీటీలు నా ముందు పెట్టింది.

"తొడ అని రాసిందెవరండీ?"

"నేనే మేడమ్."

"చూసి రాశారా?"

"చిన్నమ్మను నేనెట్ల జూస్త మేడమ్!"

"పోనీ, ఎక్కడని అడిగారా?"

నేను ఫ్యాను దిక్కు చూశాను.

ముక్క తీసి చేసిన పరీక్షలో క్యాన్సరనే తేలింది. పట్నం పంపే కాగితం రాయడానికి పుస్తకం తెరిచాను. ఆ చోటి చర్మాన్ని చర్మరోగాల కింద వేయవద్దని అందులో చిన్న అక్షరాల్లో ఉంది. ఇప్పటి సీ యాభై ఒకటికి అప్పటి అంకె నూట ఎనభై నాలుగు. వేశాను. రెండుసార్లు సరిచూసుకున్నాను, కూర్చోలేక చిన్నమ్మ ఉన్న బెంచీ దగ్గరికి పోయాను.

"నాకెందుకు చెప్పలే చిన్నమ్మా?"

"నీ ముడ్డి గడిగిన చేతులురా ఇవి. నీకెట్ల జెప్త? ఏం రాసినవ్ గా కాగితంల?"

"అంకె రాసిన."

"ఉత్త అంకెనేనా?" ఆమె ముఖం తేటపడింది. "గట్లయితే ఎవలకన్న జూపెట్టొచ్చు."

పట్నంలో కోశారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. గజ్జల్లోకి పాకిందని, రెండు నెలల ముందు వస్తే బాగుండేదని అన్నారు. మరుసటి ఎండాకాలం ఆమె చూడలేదు. కాలం ఎటు పోయిందో తెలియదని నా వయసువాళ్లంతా అంటుంటారు. నాకు మాత్రం ఆ రెండు నెలలు ఎటు పోయాయో తెలుసు.