బస్సులో తీసిన రెండు పటాలు

ఆ రోజుల్లో కోవిల్‌పట్టిలో నాకొక చిన్న స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళకు ఇంకా ఫిల్ము కెమెరాతోనే పోయేవాణ్ణి. ఒకసారి విరుదునగర్ బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి సంచిలోంచి కొత్త డిజిటల్ కెమెరా తీశాడు. అటువంటిదాన్ని అంతవరకూ పత్రికల్లోనే చూశాను. నా కడుపు భగ్గున మండింది.

అవతలి సీటులో ఒక అవ్వ మిరపకాయల మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అతను తమిళంలో కాక మా ఇంటి తెలుగులాంటి తెలుగులోనే ఆమెను అడిగి, పటం తీసి, అక్కడికక్కడే తెరమీద చూపించాడు. పెద్దది చేస్తే కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా కనబడ్డాయి. అవ్వ నోరారా నవ్వింది.

"బాగుండాది గానీ తమ్ముడూ, ఫిల్ములో ఉండే కళ దీంట్లో రాదు," అన్నాను.

"నిజమే అన్నా. నేనూ ఫిల్ములోనే కదా నేర్సుకొనింది," అన్నాడు.

ఆ వినయం నన్ను ఇంకా మండించింది. వెంటనే నా కెమెరా తీసి, కిటికీ వెలుగు చూసుకుని, నేనూ అవ్వను ఒక పటం తీశాను.

అవ్వ చెయ్యి చాచింది. "ఏదీ నాయినా, నీ దాంట్లో నేను ఎట్లుండానో సూపు."

"ఫిల్ము కడగాల అవ్వా. నాలుగు దినాలు పట్టును."

"అయ్యో, అందాక నేను ఏడ ఉంటానో!" అని, సాత్తూరు రాగానే మూట ఎత్తుకుని దిగిపోయింది. ఆమె ఊరేదో అడగాలని కూడా నాకు తోచలేదు. పక్కనున్న అతను తన కెమెరాను సంచిలో పెట్టేశాడు.

కడిగి చూస్తే, నా చేతిమీదుగా వచ్చిన పటాల్లో ఆ అవ్వ పటమంత మంచిది మరొకటి లేదు. పెద్దగా అచ్చువేసి స్టూడియోలో తగిలించాను. వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. చూపించమని అడిగిన ఒక్క మనిషే దాన్ని చూడలేదు.