పర్యాటకురాలి వేషం

కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టుగా బతకాలంటే కావాల్సింది ఒక్క మాట. నటన తర్వాత సంగతి. ఆ మాట "వచ్చండీ!"

ఈత వచ్చా? వచ్చండీ. గుర్రం ఎక్కడం వచ్చా? వచ్చండీ. బెంగాలీ వచ్చా? ఓ, భేషుగ్గా వచ్చండీ! రాదన్నవాళ్ళు ఫోను పెట్టేసేలోపు వచ్చన్నవాళ్ళు వ్యానెక్కి కూర్చుంటారు. తర్వాత గుర్రం తన్నినా, కడుపు నిండా చెరువు నీళ్ళు తాగినా ఎవరి తిప్పలు వాళ్ళవి. సత్యలక్ష్మి ఈ మాట ముప్ఫై ఏళ్ళుగా అంటూనే ఉంది. పెళ్ళయ్యాక పాలకొల్లు నుంచి యూసుఫ్‌గూడ వచ్చి పడింది. మొగుడు సుబ్రహ్మణ్యం సినిమాల్లో లైట్లు మోసేవాడు. ఎవరో పెళ్ళి సీనుకి ముత్తయిదువలు తక్కువయ్యారంటే ఒకరోజు సరదాకి వెళ్ళింది. ఆ సరదా ఇంకా తీరలేదు.

ఆవిడ ప్రత్యేకత ఏడుపు. పెద్దాయన పోయిన సీనుంటే ముందు వరసలో సత్యలక్ష్మి ఉండాల్సిందే. గ్లిజరిన్ అక్కర్లేదు, "రెడీ" అనేసరికి బొటబొటా కార్చేస్తుంది. ఇంట్లో మాత్రం అంత నవ్వే మనిషి ఆ సందులోనే లేదు. ఆవిడ పగలబడి నవ్విందంటే పక్క వాటాలో చంటిపిల్లలు నిద్ర లేచిపోతారు, వాళ్ళ తల్లులు వచ్చి పోట్లాడతారు.

ఈమధ్య ఆ నవ్వు కాస్త తగ్గింది. ఫోను మోగడం లేదు మరి. జూనియర్ ఆర్టిస్టులను పంపే ఏజెంటు ఆదినారాయణను నిలదీస్తే, "నన్నేం చేయమంటారమ్మా! ఇప్పటి సినిమాల్లో ఎవరూ సరిగ్గా చావడం లేదు. చచ్చినా కూర్చుని ఏడ్చే తీరిక ఎవరికీ లేదు" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆవిడకి. పొద్దున్నే తలకి నీళ్ళు పోసుకుని, ముస్తాబై, ఫోను పక్కన పెట్టుకుని ఊరికే కూర్చోవడం ఎంత నరకమో ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది.

అలాంటిది శనివారం మధ్యాహ్నం ఫోను మోగింది.

"సత్యలక్ష్మిగారూ, రేపు పొద్దున ఫిల్మ్‌నగర్‌లో పని. రిచ్ లుక్ ఉన్న పెద్దావిడ కావాలి. టూరిస్టు వేషం. స్కూటర్ నడపడం వచ్చా?"

"వచ్చండీ!"

"నిజంగా వచ్చా?"

"అయ్యో, నాకు రాకపోవడమేంటండీ!"

"చూడండమ్మా, మీ వయసువాళ్ళను పంపితే నన్ను చీవాట్లు పెడుతున్నారు. రేపు ఏదైనా తేడా వచ్చిందనుకోండి, ఇక నేను పిలవలేను. ముందే చెప్తున్నా."

ఫోను పెట్టేశాక గాని ఆవిడకి ఒళ్ళు జల్లుమనలేదు. సత్యలక్ష్మి జన్మలో స్కూటర్ నడిపిన పాపాన పోలేదు.

ఆదివారం పొద్దున్నే ఆవిడ మంచి పట్టుచీర కట్టుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఫిల్మ్‌నగర్ చేరింది. అక్కడ అయిదారు కొత్త కరెంటు స్కూటర్లు ముద్దుముద్దుగా నిలబడి ఉన్నాయి. లైసెన్సు కూడా అక్కర్లేని చిన్న బండ్లు. జూబ్లీ హిల్స్ కుర్రాడు సుహాస్ పెట్టిన కొత్త వ్యాపారం అది. ఎవరి బండి వాళ్ళే నడుపుకుంటూ గైడు వెంట షేక్‌పేట, టోలిచౌకి మీదుగా గోల్కొండ కోట చూసి రావాలి. ఆరోజే మొదటి టూరు. తీరా చూస్తే నిజమైన టూరిస్టులు బెంగళూరు నుంచి వచ్చిన ఒక్క జంటే. ప్రచారం కోసం తీసే వీడియోలో బండ్లు బోసిగా కనిపిస్తే ఏం బాగుంటుంది? అందుకని ముగ్గురు జూనియర్ ఆర్టిస్టులను టూరిస్టుల వేషంలో దింపాడు సుహాస్. ఫిల్మ్‌నగర్ బుద్ధి ఎక్కడికి పోతుంది!

సత్యలక్ష్మి బండెక్కింది. ఎక్కి, సోఫాలో కూర్చున్నట్టు రెండు కాళ్ళూ ఒకే పక్కకి పెట్టుకుని, దర్జాగా కళ్ళద్దాలు సర్దుకుంది. గైడు మనోజ అది చూసి గబగబా వచ్చింది. మనోజది యూసుఫ్‌గూడే. పాతికేళ్ళ పిల్ల, ఉద్యోగంలో ఆమెకీ అది మొదటి రోజే.

"పెద్దమ్మా, గట్ల కూసున్నవేంది? వెనకాల కూసునేటోళ్ళు గట్ల కూసుంటరు. నువ్వు నడపాలె గదా!"

"ఆఁ, ఆఁ, తెలుసమ్మాయ్. బండి స్టార్టవనీ అని చూస్తున్నా."

"స్టార్టయి శానసేపాయె. కరెంటు బండికి సప్పుడు రాదు." మనోజ గొంతు తగ్గించింది. "పెద్దమ్మా, నిజం జెప్పు. నీకు బండి నడుపుడు వస్తదా?"

సత్యలక్ష్మి అటూ ఇటూ చూసి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "సైకిలు వచ్చు తల్లీ. చిన్నప్పుడు మా తమ్ముడి సైకిలు కాలవగట్టు మీద తెగ తొక్కేదాన్ని. ఎవరికీ చెప్పకమ్మా, నీకు పుణ్యముంటుంది. తెలిసిందంటే ఆదినారాయణ నన్నిక జన్మలో పిలవడు. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేను."

మనోజ ఆవిడ పట్టుచీరవంక చూసింది, మొహంవంక చూసింది. "మంచిగ దొరికినవ్ నాకు మొదటి రోజే," అంటూ నవ్వింది. తర్వాత సుహాస్‌కి వినబడేలా, "సార్, ఈ బండి సీటు జర లూజుంది, సరిజేస్కొస్త!" అని అరిచి, ఆవిడని బండితో సహా వెనక సందులోకి లాక్కుపోయింది.

"కుడిచెయ్యి జర్రంత తిప్పు. జర్రంత అంటే జర్రంతే!"

కృష్ణా జిల్లా నుంచి గోదావరి జిల్లాల దాకా జర్రంత అంటే ఎంతో ఎవరికీ తెలియదు. బండి చివాలున లేచి ఒక పెద్ద బంగళా గోడని ఆనుకున్న కాగితంపూల పొదలో దూరింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "ఏం కాలే అన్నా, షూటింగ్," అంది మనోజ. షూటింగ్ అనేసరికి అతను జుట్టు సర్దుకుని పక్కకి నిలబడ్డాడు. రెండోసారి ఆవిడ సందు చివరిదాకా వెళ్ళింది గాని తిప్పడం తెలియక అక్కడే ఆగిపోయింది. మూడోసారి తిరిగి వచ్చింది. కొంచెం పాములా వచ్చింది, అయినా వచ్చింది.

"నా ఎనకాలే ఉండు. మెల్లగ రా. ఫికర్ జేయకు," అంది మనోజ.

టూరు బయల్దేరింది. ముందు మనోజ, మైకులో కబుర్లు చెబుతూ. వెనక సత్యలక్ష్మి, మిగతా ఇద్దరు జూనియర్ ఆర్టిస్టులు, ఆ వెనక బెంగళూరు జంట. అందరి వెనకా వ్యానులో సుహాస్, అతని కెమెరామన్. మొదట్లో ఆవిడ ఊపిరి బిగబట్టి తనకి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుంది. షేక్‌పేట వైపు రోడ్డు పల్లానికి దిగుతుంటే చల్లగాలి మొహానికి కొట్టింది. ముప్ఫై ఏళ్ళుగా ఈ దారిన ఎన్నిసార్లు వెళ్ళలేదు! తెల్లారకముందే వ్యాను సీట్లో కునుకుతూ వెళ్ళడం, చీకటిపడ్డాక అదే సీట్లో కునుకుతూ రావడం. ఎక్కడ ఆపాలో, ఎప్పుడు కదలాలో ఎవరో చెప్పేవారు. ఇప్పుడు తను చెయ్యి తిప్పితే బండి కదులుతోంది, తను పట్టుకుంటే ఆగుతోంది. ఓలమ్మో, ఇంత బాగుంటుందా ఇది! పట్టలేని సంతోషంతో ఆవిడ హెల్మెట్‌లోనే ఫక్కున నవ్వింది.

టోలిచౌకిలో ఆదివారం నహారీ మాంసం పులుసు అమ్మే హోటళ్ళ ముందు జనం కిటకిటలాడుతున్నారు. కోట వైపు తిరగాల్సిన మలుపు వచ్చింది. మనోజ చెయ్యెత్తి మైకులో గట్టిగా అంది.

"అందరు రైట్ కట్!"

హైదరాబాద్‌లో బండి నడిపేవాడికెవరికైనా కట్ అంటే తిరగమని అర్థం. బెంగళూరు జంటకి కూడా అర్థమైంది, వాళ్ళు చక్కగా పక్కనుంచి తిరిగి వెళ్ళిపోయారు. కాని పాపం, జూనియర్ ఆర్టిస్టుల చెవిన ఆ మాట పడితే ఇంకేముంది? ముగ్గురూ టక్కున ఎక్కడివాళ్ళక్కడ నడిరోడ్డు మీద ఆగిపోయారు. ఒకావిడ హెల్మెట్ తీసి జడ ముడేసుకోసాగింది. ఇంకో ఆయన నడుం విరుచుకుని టీ ఎక్కడిస్తున్నారా అని చూశాడు. సత్యలక్ష్మి అయితే హ్యాండిల్ వదిలేసి, బండి దిగి, కొంగుతో మొహం తుడుచుకుంది. దిక్కులేని బండి మెల్లగా పక్కకి ఒరిగి, బొప్పాయిపళ్ళ బండికి జారబడింది. రెండు పళ్ళు దొర్లిపోయాయి.

వెనక ఆటోవాలా తల బయటపెట్టాడు. "క్యా అమ్మా, సడక్ మధ్యల ఫోటోలు దిగుతున్నరా?"

సుహాస్ వ్యాను దిగి పరుగున వచ్చాడు. "ఏంటండీ ఇది! ఎవరైనా నడిరోడ్డు మీద బండి వదిలేసి దిగుతారా? మీకసలు స్కూటర్ నడపడం వచ్చా?"

అలవాటు కొద్దీ ఆ మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. కింద పడిన బొప్పాయిపళ్ళు చూసింది. ఎవరికన్నా దెబ్బ తగిలుంటేనో!

"రాదు బాబూ," అంది.

ఇంకేముంది, సుహాస్ అక్కడికక్కడే ఆదినారాయణకి ఫోన్ కలిపి గయ్యిమన్నాడు. తర్వాత ఫోను ఆవిడ చేతికిచ్చాడు. ఆదినారాయణ అరవలేదు. "సరేనండీ, మళ్ళీ మాట్లాడుకుందాం," అన్నాడు. కృష్ణానగర్‌లో ఆ మాటకి అర్థం ఇక మాట్లాడుకోమనే. ముప్ఫై ఏళ్ళ పని టోలిచౌకి మలుపులో, బొప్పాయిపళ్ళ మధ్య అయిపోయింది.

"మీరు వ్యానెక్కండి. ఆ బండి కూడా వ్యానులో వేసేయండి," అన్నాడు సుహాస్.

మనోజ అడ్డం వచ్చింది. "సార్, ఈమెకు బండి రాదంటున్నరు. మరి టోలిచౌకి దాంక ఎట్లొచ్చింది?"

ఆటోవాలా గొల్లున నవ్వాడు. సుహాస్ నవ్వలేదు. "జోకులొద్దు మనోజా. ఇది సేఫ్టీ ఇష్యూ. ఆర్టిస్టుగా ఈవిడ నాకొద్దు."

"ఆర్టిస్టుగ వద్దు సార్. గైడు తన ఇంట్ల మనిషిని ఒకరిని ఉత్తగనే తీస్కరావచ్చని మీరే చెప్పిండ్రు గదా. ఈమె మా పెద్దమ్మ."

"ఎప్పట్నుంచి?"

"ఇప్పటి సంది. నా పక్కనే పెట్టుకోని మెల్లగ తీస్కపోత. పూచీ నాది."

సుహాస్ ఆ పిల్ల మొహం చూసి, వెనక మోగుతున్న హారన్లు విని, చేతులెత్తేశాడు. "ఏమైనా చేసుకోండి. నా వీడియోలో మాత్రం కనబడకూడదు."

సత్యలక్ష్మికి ఏడుపు ముంచుకొచ్చింది. ఎవరూ రెడీ అనకుండానే కన్నీళ్ళు కారిపోతుంటే ఆవిడకే వింతగా తోచింది. మనోజ బొప్పాయిపళ్ళ అతనికి సర్దిచెప్పి వచ్చి, హెల్మెట్ పట్టీ బిగించి, "ఏడ్సుకుంట పోతే రోడ్డు కనవడదు, కండ్లు తుడ్సుకో," అంది.

కోట దగ్గర ఆవిడ ఏడవని చోటు లేదు. ఎందరు సినిమా రాజుల శవాల మీద పడి ఏడ్చిందో! కాని క్రౌడ్‌లో నిలబడ్డ మనిషి హీరోవైపే చూడాలి. కోట ఎప్పుడూ ఆవిడ వీపు వెనకే ఉండేది. ఇప్పుడు ఎటు చూడమని చెప్పేవాళ్ళెవరూ లేరు. మొదటిసారి తలెత్తి చూసింది. పెద్ద దర్వాజా పైన సున్నంతో చేసిన నెమళ్ళు కనిపించాయి.

"అమ్మాయ్, ఈ నెమళ్ళు ఎవరు పెట్టించారు? ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్ళా?"

"నవాబులు పెట్టించిండ్రు పెద్దమ్మా. వందల ఏండ్లయితుంది."

సత్యలక్ష్మి నమ్మలేదు. దగ్గరికెళ్ళి గోడ మీద వేళ్ళతో టకటకా కొట్టి చూసింది. సెట్టు గోడైతే డొల్లగా మోగుతుంది. ఇది మోగలేదు. చేతికి నొప్పి పుట్టింది. "నిజం రాయేనే!" అంటూ ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వు దర్వాజా కప్పుకి తగిలి తిరిగొచ్చింది. అక్కడున్నవాళ్ళంతా తిరిగి చూశారు.

అవతల సుహాస్ మిగిలిన ఇద్దరు ఆర్టిస్టుల చేత "ఆశ్చర్యం, ఇంకొంచెం ఆశ్చర్యం!" అంటూ అప్పటికి నాలుగు టేకులు తీశాడు. ఈవిడ మొహం చూసి కెమెరా ఇటు తిప్పించాడు. "అమ్మా, అలాగే ఉండండి, కదలకండి!"

"నేను మీ వీడియోలో లేనుగా బాబూ," అంది సత్యలక్ష్మి. కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని మనోజతో మెట్లెక్కింది. పైదాకా ఎక్కింది. మధ్యలో ఎన్నిసార్లు కూలబడిందో అడక్కండి.

మధ్యాహ్నానికి సుహాస్ ప్యాకప్ చెప్పాడు. తమ రెండు బండ్లూ సాయంత్రంలోగా తెచ్చి అప్పగిస్తామని మనోజ అతన్ని ఒప్పించింది. ఆర్టిస్టులు వ్యానెక్కి, పాత స్నేహం కొద్దీ ఆవిడ కోసం కిటికీ సీటు ఆపారు. రమ్మని పిలిచారు కూడా. సత్యలక్ష్మి వ్యానువంక చూసింది. కాళ్ళు పీకుతున్నాయి, కూర్చుంటే హాయిగా కునుకు పడుతుంది.

"మీరు పదండర్రా," అని స్కూటర్ ఎక్కింది.

యూసుఫ్‌గూడ సందులో సుబ్రహ్మణ్యం టీ కొట్టు దగ్గర పేపరు చదువుకుంటున్నాడు. మనోజ బండి వెనకే ఇంకో బండి వచ్చి తన ముందు నెమ్మదిగా ఆగితే తలెత్తాడు. హెల్మెట్ తీసిన మనిషిని చూసి నోరు తెరిచాడు.

"ఓసి నీ! ఏ సినిమానే ఇది?"

"సినిమా లేదు, ఏమీ లేదు. కోట చూసొచ్చా."

"మరి ఆదినారాయణ?"

"వాడిక పిలవడులెండి." ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంది. "వచ్చే ఆదివారం కోట పక్కనున్న నవాబుల గుమ్మటాలు చూపిస్తుందట మనోజ. మీరూ రండి. నా వెనక కూర్చుందురుగాని."