లక్క పోసిన బోర్డు

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పే రోజుల్లో నేనొక బోర్డు తయారు చేశాను. అందులో ఒక చిన్న మైక్రోప్రాసెసరు, దానికి నేను రాసిన ప్రోగ్రాము ఉండేవి. కరెంటు మూడు ఫేజుల్లోనూ వస్తోందా, బోరులో నీళ్లున్నాయా అని అది కనిపెట్టుకుని ఉండేది. ఒక ఫేజు పోయినా, నీళ్లు అడుగంటినా మోటారును ఆపేసేది. కర్ణాటక సరిహద్దులోని మా పావగడ వైపు వానలు మొహం చాటేసిన ఏళ్లవి. బోరున్న రైతుకు మోటారు కాలిందంటే వేరుశనగ పోయినట్టే.

బోర్డును నేను దాచుకోలేదు. సర్క్యూటు బొమ్మ, ప్రోగ్రాము, ఏది పాడైతే ఏది మార్చాలన్న వివరం తెలుగులోనూ కన్నడంలోనూ రాసి, అడిగినవాళ్లందరికీ జెరాక్సు తీసి ఇచ్చాను. మా వైపు విత్తనపు కాయలు లేనివాడికి ఉన్నవాడు ఇస్తాడు. పుచ్చుకున్నవాడు పంట వచ్చాక తిరిగి ఇస్తాడు, మరుసటేడు ఇంకొకరికి తనూ ఇస్తాడు. నేననుకున్నదీ అంతే.

పావగడలో మోటార్లమ్మే ఒక అంగడివాడు కూడా జెరాక్సు పట్టుకుపోయాడు. చిప్పుల మీది నంబర్లు గీకేశాడు. బోర్డంతా లక్కలాంటి నల్లటి జిగురు పోసి గట్టిపరిచాడు. ఇనుప పెట్టెలో బిగించి, రంగు వేసి అమ్మాడు.

నాగలమడిక దగ్గర సేద్యం చేసే మా అక్క మొగుడు ఆ పెట్టెనే కొన్నాడు. నేను ఊరికే ఇస్తానన్నా వినలేదు.

"నీ బోర్డు బట్టలిప్పి నిలబెట్టినట్ల ఉండాదప్పా. బల్లులు దూర్తాయి. దీన్ని చూడు, ఎంత దర్జాగా ఉండాదో" అని పెట్టెను తట్టి చూపించాడు.

వేరుశనగ ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే వేళకు పెట్టె పనిచేయడం మానేసింది. బావ దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. విప్పితే లోపల నల్లటి గడ్డ. రిలే పోయిందో, చిప్పు పోయిందో తెలుసుకునే దారే లేదు. నంబర్లు కనిపించి ఉంటే ఒక్క పూటలో బాగుచేసి ఇచ్చేవాణ్ణి. చేసేది లేక కొత్త బోర్డు కట్టడానికి కూర్చున్నాను. అది పూర్తయ్యేలోగా, పైరు వాడిపోతుంటే చూడలేక బావ మోటారుకు కరెంటు నేరుగా కలిపాడు. ఒక ఫేజు పోయింది. మోటారు కాలింది.

ఆ పెట్టె చంకన పెట్టుకుని అంగడికి వెళ్లాను. నా బొమ్మను వాడుకున్నాడని కాదు నా కోపం. వాడుకొమ్మనే ఇచ్చాను. తనకు తెరిచి ఇచ్చినదాన్ని ఇంకొకరు తెరవకుండా చేశాడే, దానికి. ఆనాడు డైరీలో రాసుకున్న పేజీ ఇన్నేళ్లకు తిరగేసినా నాకు ఒళ్లు మండుతుంది.

అంగడివాడు తొణకలేదు. "తెరిచి పెడితే అందరూ వాళ్లే బాగుజేసుకుంటారు గదా మేష్ట్రూ. ఇంగ నా కాడికి ఎవురొస్తారు?"

"నేను విత్తనమిస్తి. నువ్వు వేయించి అమ్మినావు" అన్నాను. "తినేకి తప్ప విత్తేకి పనికిరాదు."

వాడు నవ్వి నాకు సోడా తెప్పించబోయాడు. నేను పెట్టెను వాడి బల్ల మీదే వదిలేసి వచ్చాను.

కాలిన మోటారుకు కొత్త తీగ చుట్టించి మళ్లీ బోరులో దించేసరికి పైరు ఎండిపోయింది. బావ దాన్ని పీకి గొర్రెలకు వేశాడు.

కొత్త బోర్డు బిగించడానికి నేనే వెళ్లాను. ఈసారి బల్లుల సంగతి గుర్తుంచుకుని రేకు మూత కూడా చేయించి తీసుకుపోయాను. మూత బిగించబోతే బావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అట్లే ఉండనీప్పా. లోపల ఏముండాదో నాకు కనపడాల."