కాశీలో వదిలేసిన స్ట్రాబెర్రీ

కాశీ వెళ్ళినవాళ్ళు ఒక పండూ ఒక కూరా అక్కడ వదిలిపెట్టి రావాలి. ఇక ఈ జన్మలో వాటిని నోట పెట్టకూడదు. నాకేమో రాజమండ్రిలో పళ్ళ కొట్టు. ఏ సరుకు దిగినా ఒకటి తిని చూసి గానీ అమ్మను. ఏ పండు వదిలినా ఇబ్బందే. అందుకని గంగలో మూడు మునకలు వేసి, మా ఊళ్ళో ఎవరూ అడగని స్ట్రాబెర్రీని వదిలేశాను. పక్కనే నడుంలోతు నీళ్ళలో నిలబడి మా ఆవిడ, ప్రాణంగా తినే చక్రకేళి అరటిపండుని వదిలింది.

"మీరెప్పుడైనా స్ట్రాబెర్రీ తిన్నారా?" అంది ఒడ్డుకొచ్చాక, కొంగు పిండుకుంటూ.

"లేదు."

"మరి వదిలిందేంటండీ?"

ముప్పై ఏళ్ళుగా సత్సంగంలో పురాణం చదివి వినిపించేవాణ్ణి. తువ్వాలు తీసుకుని తల తుడుచుకోవడం మొదలుపెట్టాను.

రెండేళ్ళు తిరక్కుండా లంబసింగి తోటల నుంచి స్ట్రాబెర్రీ డబ్బాలు మా బజారులో దిగడం మొదలైంది. మొదటి చలికాలం కేకుల మీదికి బేకరీవాళ్ళు మాత్రమే కొన్నారు. తర్వాత పిల్లల తల్లులు వచ్చారు. ఆ మరుసటి ఏడు, పొద్దున్నే గోదావరి గట్టున నడిచొచ్చే పెద్దవాళ్ళు కూడా తలా ఒక డబ్బా పట్టుకెళ్ళేవారు. ఆదివారాలు మధ్యాహ్నానికే అయిపోయేవి. యాపిల్స్‌ని వెనక్కి జరిపి వీటిని ముందు వరసలో పెట్టాను.

అందరూ అడిగేది ఒకటే, "తియ్యగా ఉంటాయాండీ?"

"తేనె అండి" అనేసేవాణ్ణి, రంగు చూసి.

ఒకరోజు మా సత్సంగంలో తాళం వేసే లెక్కల మాస్టారు సగం ఖాళీ అయిన డబ్బా తెచ్చి బల్లమీద పెట్టారు.

"తేనె అన్నారు. మా మనవరాలి మొహం చింతకాయ తిన్నట్టయింది. మీరు తిన్నారా?"

"తినకూడదండి. కాశీలో వదిలేశాను."

"రుచి తెలీకుండా వదిలారు, రుచి తెలీకుండా అమ్ముతున్నారు. దేవుడికీ మాకూ ఒకే తూకం తూచారన్నమాట."

నవ్వుతూనే అన్నారు. నేను మాత్రం ఆ పూట ఇంకెవరితోనూ తేనె అనలేదు. తింటే దేవుడికిచ్చిన మాట పోతుంది. తినకుండా అమ్మితే అబద్ధం. సాయంత్రం ఒక డబ్బా ఇంటికి పట్టుకెళ్ళి మా ఆవిడకి చెప్పాను.

"వదిలింది మీరు. నేను కాదుగా" అని ఒక పండు నోట్లో వేసుకుంది.

"ఎలా ఉంది?"

"ఉండండి." కళ్ళు మూసుకుని ఇంకోటి తీసుకుంది. "ముందు పులుపు. వెనకాల తీపి."

"ఇంకా?"

"ఇంకా చెప్తే మీరు తిన్నట్టే."

మర్నాటి నుంచి సరుకు దిగే వేళకి ఆవిడా కొట్టుకొస్తోంది. ఆవిడ ఏమంటే అదే చెబుతున్నాను. డబ్బాలు విప్పినప్పుడు ఆ వాసనకి నోరూరుతుంది. ఇన్నేళ్ళూ మధ్యాహ్నం నాకు క్యారేజీ తెచ్చి చక్రకేళి గెలల మధ్య కూర్చున్నప్పుడు ఆవిడకెలా ఉండేదో ఇప్పుడు తెలిసింది. గంగలో నేను ఉత్త మాట ఇచ్చాను. స్వామి ఆ పండుని నా కొట్టుకే పంపి, రోజూ నా చేత నిజంగా వదిలిస్తున్నాడు. ఆయన నన్ను మరిచిపోలేదని ఎంత సంతోషమో.

మొన్న మాస్టారు గుమ్మంలోంచే అడిగారు, "ఇవాళ అమ్మగారి తీర్పేంటండీ?"

"పులుపేనండి."

"సరే, రెండు డబ్బాలివ్వండి. మా కోడలు జామ్ చేస్తానంటోంది."