పిల్లనడగమన్న మేనత్త

మా మేనత్త పోయింది. సోమవారం పొద్దున ఎమ్మిగనూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నా కూతురి రక్తపరీక్షల రిపోర్టులు ఫైలులో సర్దుతున్నాను. విన్నాక కూడా సర్దుతూనే ఉన్నాను. ఐదేళ్ల ఆసుపత్రులు ఏడవడానికి ఓపిక మిగల్చలేదు.

చివరిదాకా మగ్గమే ఆమె బతుకు. పడుగు, అంటే మగ్గం మీది నిలువు దారాలు, అయిపోయాక పాత పోగుల్ని దువ్వెనలాంటి అచ్చులోంచి పూర్తిగా లాగేసేది కాదు, జానెడు వదిలేది. కొత్త పడుగు రాగానే బూడిద అద్దిన వేళ్లతో ఆ కొసలకు ఒక్కో పోగూ మెలిపెట్టి అతికేది.

నా కూతురికి పద్దెనిమిది నిండిన ఏడు మెడ దగ్గర గడ్డ కనిపించింది. క్యాన్సర్ అన్నారు. “గట్టి మందులు పడతాయి. తర్వాత పిల్లలు పుట్టకపోవచ్చు. రెండు వారాలు ఆగగలం, ఈలోగా హైదరాబాదులో అండాలు తీయించి దాచుకోవచ్చు,” అంది కర్నూలు డాక్టరమ్మ.

“ప్రాణం దక్కితే చాలు, అవేవీ వద్దు,” అన్నాను. నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావన్న భయం కూడా అందులో ఉంది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

తోడొచ్చిన మేనత్త నా వైపు తిరిగింది. “ఆ కడుపు నీదా కోడలా? పిల్లనడుగు. కొసల్లేకుండా కోసేస్తే రేపు యాడ అతుకుతావు?”

పిల్ల బయట బెంచీ మీద ఉంది. మేమే కూర్చోబెట్టాం. మేనత్త లేచి తలుపు తీసి లోపలికి పిలిచింది. పిల్ల అంతా విని, దాచుకుంటానంది.

హైదరాబాదులో సూదులు పడిన రోజులన్నీ మేనత్త పక్కనే ఉంది.

“అవి ఎన్నాళ్లుంటాయవ్వా?” అని అడిగింది పిల్ల.

“మనింటి ఊరగాయ కంటే శానా నాళ్లుంటాయంటలే.”

చూడవచ్చిన బంధువొకాయన, “పెండ్లిగాని పిల్లకు ఇవేం పనులక్కా?” అన్నాడు.

“పెండ్లి కోసరం కాదప్పా, పిల్ల కోసరం,” అంది మేనత్త.

అవి ఎప్పటికైనా బిడ్డవుతాయో లేదో నాకు తెలియదు. డాక్టర్లూ మాటివ్వలేదు. ఏటా హైదరాబాదు నుంచి ఒక కాగితం వస్తుంది, ఇంకా ఉంచాలా వద్దా అని. ‘ఉంచండి’ దగ్గర నేనే టిక్కు పెట్టి, పిల్ల చేత సంతకం మాత్రం చేయించేదాన్ని. మేనత్త ఫోన్‌లో తిట్టేది: “మళ్లీ నువ్వే పెడితివా?”

ఈసారి ఆ కాగితం ఆమె దినాలు అయిన మర్నాడు వచ్చింది. ఖాళీగానే కూతురి చేతికిచ్చాను.

“నువ్వే పెట్టేయ్ మా, ఎప్పుడూ పెడతావు గదా.”

“నీది. నువ్వే చూసుకో.”

కాగితం, పెన్ను తీసుకుని కాలేజీకి బయల్దేరింది. ఆటో ఎక్కించడానికి నేనూ రోడ్డుదాకా వెళ్లాను. కల్లూరు షేర్ ఆటోలో పిల్లకు వెనక సీటు దొరికింది. ఒళ్లో కాగితం గాలికి లేస్తుంటే మోచేత్తో అదిమిపట్టి, పెన్ను మూత పళ్లతో లాగింది. ఏం రాస్తోందో నాకు కనబడలేదు. ఆటో మలుపు తిరిగింది.