బళేపేటలో రెండో టేకు

“ఆంటీ, లైటింగ్ సరిగా రాలేదు. తీసేసి ఇంకొక్కసారి తొడగండి, ప్లీజ్” అంది ఎలక్ట్రానిక్ సిటీ నుంచి వచ్చిన కొత్త పెళ్లికూతురు. గాజుల లక్ష్మక్క ఆమె చెయ్యి వదిలేసింది.

“తొడగడమే నా పనమ్మా. ముత్తైదువ చేతి గాజులు నేను తీయను.”

స్నేహితురాలు ఫోనులో ఇదంతా తీస్తూనే ఉంది. పెళ్లికూతురు గాజులు తానే తీసి బల్లమీద పెట్టి వెళ్లిపోయింది.

నన్ను బెంగళూరు పంపిందీ ఫోనే. ఎవరో విదేశీ అమ్మాయి లక్ష్మక్క చేత గాజులు తొడిగించుకున్న వీడియో మా చెల్లెలు చూసింది. హిందూపురంలో గాజులే దొరకనట్టు, అక్కడివే కావాలంది. ఉదయం ఏడింటి ప్యాసింజరు ఎక్కాను. నేనెక్కడికి పోతున్నానో విని ఎదురు సీటులోని పూలమ్మే ఆవిడ, “మా కోడలూ ఆడికి పొయ్యొచ్చిందప్పా” అంది.

“ఏం గాజులు కొనింది?”

“గాజులెక్కడివప్పా, వీడియో తీసుకోనొచ్చింది.”

పదింటికి దిగి, ఇడ్లీ తిని, బళేపేటకు నడిచాను. అంగడి ముందు పెద్ద వరుస. సంచి తెచ్చుకున్నది నేనొక్కణ్ణే. పెళ్లికూతురు నాకు ముందు నిలబడింది.

ఆమె వెళ్లాక డజను మట్టిగాజులు కొన్నాను. “ఇయ్యాల బోణీ నువ్వేనప్పా” అంది లక్ష్మక్క. శుక్రవారం వర్తూరులో ఒక సీమంతానికి పోవాలట. “ఆ ఇంట్లో అవ్వకు తొడిగినా, కోడలికి తొడిగినా. ఇప్పుడు మనవరాలికి.”

భోంచేసి, ఎండ తగ్గేదాకా పక్కనున్న తాళాల అంగట్లో కూర్చున్నాను. మూడింటికి అంగడాయన తన ఫోను చూపించాడు. పెళ్లికూతురి వీడియోలో మాటలు పోయి, చెయ్యి వదిలేయడం మిగిలింది. గాజులు తొడగనన్న ఆంటీ అని పైన రాశారు. కింద ఆస్ట్రేలియా నుంచి ఒకాయన మన సంస్కృతి గురించి బాధపడ్డాడు. కెనడా నుంచి ఒకామె అంగడికి ఒక్క నక్షత్రమే ఇచ్చింది.

నాలుగింటికి లక్ష్మక్కకు వర్తూరు వాళ్లు ఫోను చేశారు. వీడియో చూశారట, ఇంట్లో మాట్లాడుకుని చెప్తారట. “నలభై ఏండ్లు నా చెయ్యి చూసినోళ్లప్పా. అర నిమిషం ఫోను చూసినారు” అంది లక్ష్మక్క.

ఆరింటి బండిలో పక్క కుర్రాడు అదే వీడియో చూస్తున్నాడు. “ఈమె తొడిగింది బాబూ, నేనక్కడే ఉన్నాను. తీయనంది, అంతే” అన్నాను.

“మీ దగ్గర వీడియో ఉందా సార్?”

లేదన్నాను. అతను మర్యాదగా నవ్వి తర్వాతి వీడియోకు వెళ్లాడు.

ఇల్లు చేరాక గాజుల పెట్టె మీదున్న అంగడి నంబరుకు ఫోను చేశాను. వర్తూరు నుంచి కబురు లేదు. సీమంతం ఎల్లుండి.